లబ్ధిదారుల జాబితా పక్కన పెట్టి, దరఖాస్తుల రిజిస్టర్ అడగండి

మీరు అడిగినవి మూడు. విజయవాడ, గుంటూరుల్లో స్వయం ఉపాధికీ స్టార్టప్‌లకూ ప్రభుత్వం చేస్తున్న సాయం నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది ఎలా తేల్చాలి? కొత్త కంపెనీలకు చోటూ సలహా ఇచ్చేందుకు కాలేజీల్లో ఉన్న ఇంక్యుబేటర్లను ఏ లెక్కన చూడాలి? తేలిన విషయం రిపోర్టుగా రాశాక ఎవరి చేతిలో పెట్టాలి? జిల్లా పరిశ్రమల కేంద్రం మీ బృందానికి ఇచ్చిన పట్టిక కూడా జతచేశారు. మంజూరైన యూనిట్లు, ఇచ్చిన సబ్సిడీ, కల్పించిన ఉపాధి. మూడు వరుసలూ మొత్తం మీద ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి. ఆ అంకెలు తప్పని నేననను. వాటితో మీ ప్రశ్నకు జవాబు రాదంటున్నాను, అంతే.

నేను బ్యాంకులో చిన్న పరిశ్రమల అప్పులు చూసిన మనిషిని. గుంటూరులో కొన్నాళ్లు, విజయవాడలో కొన్నాళ్లు ఈ ఫైళ్ల మధ్యే సర్వీసు గడిచింది. రిటైరయ్యాక యూనిట్లు తిరిగి చూసి రిపోర్టులు రాసే పని కూడా చేశాను. నా సలహా ఒక్కటే. సాయం అందిన వాళ్ల జాబితాతో మొదలుపెట్టకండి, అడిగిన వాళ్లందరి జాబితాతో మొదలుపెట్టండి. ఎంత ఆలస్యమైంది, ఎవరు మధ్యలో జారిపోయారు, సాయం లేకపోయినా ఎవరు నిలబడ్డారు అన్నవన్నీ దరఖాస్తుల రిజిస్టర్‌లోనే దొరుకుతాయి. లబ్ధిదారుల జాబితాలో ఒక్కటీ దొరకదు.

దానికంటే ముందు ఏది ఎవరిదో విడదీయండి. స్థానిక ప్రభుత్వ సాయం అని మీరు రాశారు గానీ, మీ పట్టికలోని సొమ్ములో నగర కార్పొరేషన్ వాటా దాదాపు ఏమీ లేదు. పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, సబ్సిడీ కేంద్రం డబ్బు, ఖాదీ కమిషన్ ద్వారా వస్తుంది. 2015లో మొదలైన ముద్ర పూర్తిగా బ్యాంకుల అప్పు, అందులో సబ్సిడీయే లేదు. ఆహార శుద్ధి యూనిట్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా పది లక్షలు ఇస్తారు. దాన్ని కేంద్రం, రాష్ట్రం 60:40 లెక్కన భరిస్తాయి. పావలా వడ్డీ, పెట్టుబడి రాయితీ, కరెంటు చార్జీల వాపసు రాష్ట్ర పారిశ్రామిక పాలసీ కిందివి. జిల్లా పరిశ్రమల కేంద్రాలు (డీఐసీలు) 1978లో కేంద్రం తెచ్చిన ఏర్పాటే అయినా, ఇక్కడ అవి రాష్ట్ర పరిశ్రమల శాఖ ఆఫీసులు. కార్పొరేషన్ చేతిలో ఉన్నవి వేరు: ట్రేడ్ లైసెన్సు, ప్లాన్ అనుమతి, 2014 చట్టం ప్రకారం వీధి వ్యాపారుల జోన్లు, స్వనిధి అప్పుకు సిఫార్సు లేఖ, షెడ్డు ముందు రోడ్డు, షెడ్డు వెనక మురుగు కాలవ. కేంద్రం సబ్సిడీ సకాలంలో వస్తే ఆ మార్కులు కమిషనర్ ఖాతాలో పడకూడదు. బ్యాంకు అప్పు తిప్పికొడితే ఆ తిట్లు డీఐసీ జనరల్ మేనేజర్‌కు తగలకూడదు. చాలా రిపోర్టులు ఇక్కడే కలగాపులగం అవుతాయి.

ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత గుంటూరులోంచి పల్నాడు, బాపట్ల బయటికి వెళ్లాయి. పాత కృష్ణాలోంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. మీ పట్టికలో గుంటూరు వరుస 2022-23 దగ్గర ఒక్కసారిగా కుంగినట్టు కనిపించడానికి కారణం ఇదే కావచ్చు. విడిపోకముందు అంకెలనూ, తర్వాతి అంకెలనూ ఒకే గీత మీద పెట్టొద్దు. మండలాల వారీగా అడిగి, ఇప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న మండలాలనే వెనక్కి లెక్కేసుకోండి.

ఇక రిజిస్టర్ సంగతి. పీఎంఈజీపీ దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లో వెళ్తాయి కాబట్టి ప్రతి అడుగుకూ తేదీ ఉంటుంది. దరఖాస్తు పెట్టిన తేదీ, ఏజెన్సీ బ్యాంకుకు పంపిన తేదీ, బ్యాంకు మంజూరు చేసిన లేదా తిరస్కరించిన తేదీ, తిరస్కరణ కారణం, మార్జిన్ మనీ (అంటే సబ్సిడీ) వచ్చిన తేదీ, మూడేళ్ల తర్వాత అది అప్పులో సర్దుబాటైన తేదీ. ఇవన్నీ వరసల్లో అడగండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లో 12వ అంశం చూడండి. సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ఆఫీసులు ప్రకటించాలని అందులో ఉంది. తిరస్కరణల వివరాలకు మాత్రం మామూలు దరఖాస్తు పెట్టాలి. జిల్లా ఆఫీసుకు పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఫోన్ నంబర్లు, ఆధార్ మాకు అక్కర్లేదని లేఖలోనే రాసేయండి, వ్యక్తిగత సమాచారమంటూ తిప్పి పంపే సాకు ఒకటి తగ్గుతుంది. రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశాల అజెండా పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. బ్యాంకుల వారీ, జిల్లాల వారీ అంకెలకు వాటిని మించింది లేదు. డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లే తక్కువ.

తిరస్కరణ కారణాల వరుసను జాగ్రత్తగా చదవండి. అక్కడ మీకు తరచూ కనిపించే మాట "అప్లికెంట్ నాట్ ఇంటరెస్టెడ్". ఆఫీసుల చుట్టూ తిరిగి, ప్రాజెక్ట్ రిపోర్టుకు డబ్బులిచ్చి రాయించుకుని, ఎంపికకు కావలసిన స్కోర్ తెచ్చుకున్న మనిషికి చివర్లో ఆసక్తి ఎందుకు పోతుంది? లోపలి మనిషిగా చెబుతున్నాను, చాలాసార్లు దాని వెనక ఒక సంభాషణ ఉంటుంది. సూక్ష్మ, చిన్న యూనిట్లకు పది లక్షల దాకా తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ అప్పులకు సీజీటీఎంఎస్ఈ అనే ప్రభుత్వ ట్రస్టు గ్యారంటీ ఉంది. అయినా బ్రాంచిలో "ఇంటి కాగితాలు ఏమైనా ఉన్నాయా?" అని మాటవరసకు అడిగినట్టు అడుగుతారు. లేవంటే "చూద్దాంలెండి, వచ్చే నెల రండి" అంటారు. నాలుగు నెలలు తిరిగాక ఆయన రావడం మానేస్తాడు. పోర్టల్‌లో ఫైలు మూసెయ్యాలంటే కారణం ఎంచుకోవాలి కదా. ఎవరినీ నొప్పించని కారణం అదొక్కటే. అందుకే ఆ వరుసలో ఉన్నవాళ్లలో కొందరినైనా కలిసి నేరుగా అడగండి. జిల్లాలో పథకం ఎలా నడుస్తోందో ఏ సమీక్షా సమావేశంలో చెప్పనంత వాళ్లు చెబుతారు.

అదే వరుసలో మరో రకం కారణాలుంటాయి: "టార్గెట్ పూర్తయింది", "మా బ్రాంచి పరిధి కాదు". మీ అధ్యయనానికి బంగారం లాంటి వాళ్లు వీళ్లే. వీళ్లను తిప్పి పంపింది ప్రాజెక్టు బాగాలేక కాదు, సిబిల్ స్కోరు పడిపోయీ కాదు. మార్చిలో కాకుండా మేలో పెట్టి ఉంటే వచ్చేదేమో, వీధికి ఇవతల షెడ్డు ఉంటే వచ్చేదేమో. అంటే సాయం అందినవాళ్లకూ వీళ్లకూ మధ్య తేడా దాదాపు అదృష్టమే. సాయం అందినవాళ్లు ఈరోజు ఎక్కడున్నారు, అందనివాళ్లు ఎక్కడున్నారు అని పోల్చితే, ఆ తేడా చాలావరకు పథకం తెచ్చిన తేడా. సిబిల్ వల్ల పోయినవాళ్లను ఈ గుంపులో కలపకండి, వాళ్ల కథ వేరు.

ఇది నా సొంత తెలివేమీ కాదు. పరిశోధకులు దీన్నే చీటీ వేసినట్టు పద్ధతిగా చేస్తారు. మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకున్నారు. వాటిలో 52 బస్తీలను లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ ముందుగా స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ బ్రాంచీలు తెరిచింది. తర్వాత రెండు రకాల బస్తీల్నీ సర్వే చేశారు. అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లలో కొందరు, ముఖ్యంగా లాభాల్లో పై వరుసలో ఉన్నవాళ్లు, ఇంకాస్త పెంచుకున్నారు. అప్పు దొరికింది కదా అని కొత్తగా పెట్టిన వ్యాపారాలు చాలావరకు చిన్నవి, లాభం అంతంత మాత్రం. మొత్తం మీద ఇళ్ల ఖర్చు స్థాయి పెరిగినట్టు తేలలేదు. ఆ రోజుల్లో మైక్రోఫైనాన్స్ జీవితాలు మార్చేస్తోందని విజయగాథలు చెప్పుకునేవాళ్లు. గాథలు అబద్ధం కావు. పక్క బస్తీలో ఏం జరిగిందో వాటిలో లేదు, అదీ లోపం.

రెండో ఉదాహరణ నైజీరియాలో 2011లో మొదలైన వ్యాపార ప్రణాళికల పోటీ. సగటున యాభై వేల డాలర్ల గ్రాంటు, అంటే చిన్న మొత్తం కాదు. చివరి దశకు చేరినవాళ్లలో చాలామంది విజేతలను లాటరీతో తేల్చారు. మూడేళ్ల తర్వాత డేవిడ్ మెకెంజీ చేసిన లెక్కలో, కొత్తగా వ్యాపారం పెట్టాలనుకున్న విజేతలు ఓడినవాళ్లకంటే నూటికి 37 మంది చొప్పున ఎక్కువగా వ్యాపారం నడుపుతున్నారు. పెద్ద ఫలితమే. కానీ ఓడినవాళ్లలోనూ సగానికి పైగా ఏదో ఒక వ్యాపారంలో ఉన్నారు. పోలిక లేకుండా చూస్తే విజేతలందరి ఘనతా పథకానికే రాసేసేవాళ్లం.

మన లెక్కలో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. కింది అంకెలు ఊహకు మాత్రమే. పట్టణ ప్రాంతం, ప్రత్యేక కేటగిరీ (ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలు లాంటివాళ్లు), పది లక్షల ప్రాజెక్టు. పీఎంఈజీపీలో 25 శాతం కాబట్టి యూనిట్‌కు రెండున్నర లక్షల సబ్సిడీ. వంద యూనిట్లకు రెండున్నర కోట్లు. నాలుగో ఏట వెళ్తే 60 నడుస్తున్నాయి. పోలిక గుంపులోని వందమందిలో 35 మంది చేబదుళ్లు తెచ్చో, నగలు కుదువపెట్టో యూనిట్ పెట్టి నడుపుకుంటున్నారు. తేడా 25. రెండున్నర కోట్లను 25తో భాగించండి. పథకం వల్లే పుట్టిన ఒక్కో యూనిట్‌కు పది లక్షలు, అంటే మొత్తం ప్రాజెక్టు ఖర్చంత. డీఐసీ పట్టిక ప్రకారమైతే యూనిట్‌కు రెండున్నర లక్షలే. పది లక్షలైనా దండగ అని నేననడం లేదు. ఆ యూనిట్ పదేళ్లు నడిచి నలుగురికి కూలి ఇస్తే దండగ కాదు. కాకపోతే ఏ అంకె పెట్టుకుని వాదించాలో ముందు తేలాలి.

ఉపాధి వరుస గురించి ఒక చిన్న పరీక్ష చెబుతాను. 2021-22లో దేశం మొత్తం మీద పీఎంఈజీపీ కింద 1.03 లక్షల యూనిట్లు, 8.25 లక్షల మందికి ఉపాధి అని ప్రకటించారు. భాగించండి: యూనిట్‌కు ఎనిమిది. ఇప్పుడు మీ పట్టికలో ప్రతి ఏడాదీ భాగించి చూడండి. అక్కడా ఎనిమిదే వస్తే, ఎవరూ ఎక్కడికీ వెళ్లి మనుషుల్ని లెక్కపెట్టలేదని అర్థం. యూనిట్ల అంకెను ఎనిమిదితో గుణించారు. చిన్న పరిశ్రమలు పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ పోర్టల్ రిజిస్ట్రేషన్ల సంఖ్యతోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. 2020 జులైలో మొదలైన ఆ పోర్టల్‌లో నమోదు ఉచితం, స్వీయ ప్రకటన చాలు. అప్పు కావాలంటే బ్యాంకు ఆ నంబరు అడుగుతుంది. కాబట్టి ఇరవై ఏళ్లుగా నడుస్తున్న పిండిమర కూడా ఈ ఏడాది "కొత్త" ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థ) కింద లెక్కకొస్తుంది.

యూనిట్ల దగ్గరికి మీరే వెళ్లాలి, జాబితాలోంచి ప్రతి పదో పేరునో ఎనిమిదో పేరునో మీరే ఎంచుకోవాలి. డీఐసీ వాళ్లు చూపించే యూనిట్లు బాగుంటాయి, మర్యాదలు కూడా బాగుంటాయి. ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. పీఎంఈజీపీలో సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. ఆ తర్వాత తనిఖీ జరిగితే అప్పులో కలుస్తుంది. కొన్ని యూనిట్లు ఆ తనిఖీ దాకా నడిచి, మరుసటి నెల షట్టర్ దించుతాయి. అందుకే రెండో ఏట చూస్తే అంతా పచ్చగా ఉంటుంది. నాలుగో ఏట, ఐదో ఏట చూడండి.

గుంటూరు చుట్టుపక్కల కారం మిల్లు ఉదాహరణ తీసుకుందాం, మీకు ఎక్కువగా తగిలేవి అవే. గోడ మీద పథకం బోర్డు ఉంటుంది. దాని ఫోటో తీసుకుని ఊరుకోవద్దు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడగండి. మొదట కేటగిరీ చూడండి, మూడు అయితే పరిశ్రమ. తర్వాత నెలల వారీ యూనిట్లు చూడండి. మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, మే వచ్చేసరికి యార్డుకు వేసవి సెలవుల గొడవ. నిజంగా ఆడే మిల్లు బిల్లుల్లో ఏదో ఒక ఎత్తుపల్లం ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకునే స్తోమత ఉన్నవాడికి ఏడాదంతా సమంగా ఉండొచ్చు, లేనివాడికి సీజన్లో కుప్పపోసినట్టు ఉంటుంది. పన్నెండు నెలలూ కనీస చార్జీ దగ్గరే ఉంటే మాత్రం మోటారు తిరగలేదన్నమాటే. తర్వాత మిర్చిని పొడి చేసే యంత్రం, పల్వరైజర్, మూత తీయించండి. లోపలి సుత్తులు అరిగి ఉన్నాయా, మార్చారా? మారిస్తే బిల్లుంటుంది. ప్రింటెడ్ కవర్ల రోల్ చూడండి. వాటిని పెద్ద ఆర్డర్ ఇస్తే గానీ వేయరు. ఆ రోల్ మీద పాత ధరకు పైన స్టిక్కర్ అంటించారంటే, కవర్లు కొన్న వేగంతో కారం అమ్ముడుపోలేదు. ఎంతమంది పనిచేస్తున్నారని ఓనర్ని అడిగితే డీఐసీకి చెప్పిన అంకే చెబుతాడు. తొడిమలు తీసే ఆడవాళ్లను పక్కన కూర్చుని అడగండి, సంక్రాంతికి ముందు ఎంతమందిమి వచ్చేవాళ్లమో, కిలోకు ఎంత ఇచ్చారో వాళ్లు తడుముకోకుండా చెబుతారు.

యంత్రం కొటేషన్ కూడా ఒకసారి బయటి ధరతో పోల్చండి. కొటేషన్ పెంచి రాయించి, తేడా డబ్బు సప్లయర్ దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవడం ఈ రంగంలో ఎవరికీ కొత్త కాదు. అలాగే చిరునామాలు. పీఎంఈజీపీలో ప్రత్యేక కేటగిరీకి పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. జనరల్‌కు 15, 25. ఈ పది శాతం తేడా కోసం బెజవాడలో వ్యాపారం చేసేవాళ్లు కార్పొరేషన్ హద్దు దాటి నున్న వైపో ఎనికేపాడు వైపో అద్దె ఒప్పందం చూపిస్తారు. షెడ్డు నిజంగా అక్కడే ఉంటే తప్పేం లేదు. గ్రామీణ ఉపాధి పెరిగిందని రిపోర్టులో రాసేముందు ఆ పనివాళ్లు ఎక్కడి నుంచి బస్సెక్కి వస్తున్నారో కనుక్కోండి.

దొరకని యూనిట్లను జాబితాలోంచి తీసేయకండి. "కనబడలేదు" అని ఒక వరుస పెట్టి అందులో రాయండి. మూతపడిన ప్రతిదీ వైఫల్యమని కూడా అనుకోవద్దు. మిల్లు మూసేసి, ఆ అనుభవంతో పెద్ద కంపెనీకి మిర్చి కొనిపెట్టే ఏజెంటుగా స్థిరపడ్డవాళ్లున్నారు. యూనిట్ ఏమైందన్న వరుస పక్కనే మనిషి ఏమయ్యాడన్న వరుస కూడా ఉండాలి. నాకు నచ్చిన కొలత ఇంకొకటుంది: రెండో అప్పు. బాగా నడిచే పాత యూనిట్లకు విస్తరణ కోసం 15 శాతం సబ్సిడీతో కోటి రూపాయల ప్రాజెక్టు దాకా మళ్లీ ఇస్తారు. మన రెండు జిల్లాల్లో ఎంతమంది దాన్ని అడిగారో తీయండి. మొదటి యూనిట్ ఊపిరి పోసుకోకపోతే రెండోది అడిగే ధైర్యం ఎవరికీ రాదు.

పక్కవాడి మాట మరిచిపోతుంటారు అందరూ. ఒక మండలంలో పది కారం మిల్లులకు సబ్సిడీ ఇచ్చారు. పదీ అవే కిరాణా కొట్లకు వేస్తున్నాయి. అప్పటికే సొంత డబ్బుతో నడుస్తున్న రెండు మిల్లులు మూతపడ్డాయి. పట్టికలో పది కనిపిస్తాయి, ఆ రెండూ ఎక్కడా కనిపించవు. సర్వీస్ యూనిట్లలో ఇది ఇంకా ఎక్కువ. జిరాక్స్ సెంటర్లు, టెంట్ హౌస్‌లు, వాటర్ ప్లాంట్లకు గిరాకీ వీధికి ఇంతని ఉంటుంది. పాత షాపుల వాళ్లనూ నలుగురైదుగురిని కలవండి.

రాష్ట్ర రాయితీల విషయంలో మంజూరు, విడుదల, ఖాతాలో జమ అన్నవి మూడు వేర్వేరు తేదీలు. కమిటీ మంజూరు చేస్తుంది, బడ్జెట్ ఉన్నప్పుడు విడుదలవుతుంది. మధ్యలో ఏళ్లు గడిచిన ఫైళ్లు నా చేతుల మీదుగానే వెళ్లాయి. పావలా వడ్డీ వస్తుందన్న నమ్మకంతో వాయిదాలు లెక్కేసుకున్న మనిషి, అది రాక అప్పు ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక వస్తే ఏం లాభం? పైగా పాలసీలు మారుతుంటాయి. 2015-20 ఒకటి, 2020-23 ఒకటి, 2023-27 ఒకటి, గడువు తీరకుండానే దాని స్థానంలో 2024-29 పాలసీ. ప్రతి క్లెయిమ్‌కూ అది ఏ పాలసీ కింద పెట్టిందో, ఏ ఏడాది డబ్బు ఎప్పుడు వచ్చిందో రాయండి. అమరావతిలో సింగపూర్ కంపెనీల కన్సార్షియంతో 1,691 ఎకరాల్లో స్టార్టప్ ఏరియా అని 2017లో ఒప్పందాలు మొదలై 2019 నవంబరులో రద్దయిన సంగతి మీకు తెలిసిందే. ఎవరిది తప్పన్న చర్చ ఇక్కడ అనవసరం. ఇలాంటి చోట పాలసీ ఎన్నాళ్లు నిలబడిందన్నది కూడా కొలవాల్సిన విషయమే. ప్రభుత్వం సాయం ఎంతిస్తోందో కొలిచేవాళ్లు, తను కొన్న సరుకుకు డబ్బు ఎన్ని రోజులకు ఇస్తోందో మాత్రం కొలవరు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం సెక్షన్ 15 ప్రకారం చిన్న యూనిట్‌కు చెల్లింపు 45 రోజులు దాటకూడదు. కార్పొరేషన్‌కు సామాన్లు వేసిన చిన్న సప్లయర్ల బిల్లుల వయసు తీస్తే, స్థానిక ప్రభుత్వ సాయం గురించి ఏ సబ్సిడీ లెక్కా చెప్పనంత సూటిగా తెలుస్తుంది.

కార్పొరేషన్ పాత్రను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. విజయవాడ ఆటోనగర్ 1966లో మొదలైంది. ఊళ్లో చెల్లాచెదురుగా ఉన్న మెకానిక్ షెడ్లు ఒకచోటికి చేరాయి. వాళ్లకప్పుడు ఇంక్యుబేటర్ లేదు, పిచ్ డెక్ లేదు. దొరికింది స్థలం, పక్కనే పదిమంది అదే పనివాళ్లు. లారీ బాడీ కట్టేవాడికి వెల్డింగ్, రేడియేటర్, పెయింటింగ్, సీటు కవర్లు అన్నీ నడిచివెళ్లే దూరంలో ఉన్నాయి. ఇప్పుడు ఊరే దాని చుట్టూ పెరిగిపోయింది. స్థలం, రోడ్డు, డ్రైనేజీ మీద పెట్టిన ఖర్చునూ పారిశ్రామిక సాయం కిందే లెక్కెయ్యండి. బహుశా స్థానిక సంస్థలు నిజంగా బాగా చేయగలిగింది అదే.

ఇంక్యుబేటర్ల విషయం. వడ్డేశ్వరం నుంచి నీరుకొండ, ఐనవోలు, వడ్లమూడి దాకా యూనివర్సిటీలన్నిటికీ ఏదో ఒక ఇన్నోవేషన్ సెల్ ఉంది. మీకు వాళ్లు ఇచ్చే అంకెలు: హ్యాకథాన్లు, ఎంఓయూలు, ఇంక్యుబేట్ అయిన స్టార్టప్‌లు, కేంద్రం గుర్తింపు సర్టిఫికెట్లు. వీటిలో ఏదీ కస్టమర్ కాదు. నేనైతే రెండు విషయాలు అడుగుతాను. క్యాంపస్‌తో సంబంధం లేని మనిషి డబ్బిచ్చి కొన్న ఇన్‌వాయిస్ ఒక్కటైనా ఉందా? డిగ్రీ పట్టా వచ్చిన ఏడాది తర్వాత ఆ పిల్లలు ఇంకా అదే పని మీద ఉన్నారా, లేక హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరారా? చేరితే తప్పు పట్టను, ఇంట్లో టెన్షన్లు నాకూ తెలుసు. కానీ అది స్టార్టప్ లెక్కలో ఉండకూడదు. 2021లో 945 కోట్లతో వచ్చిన కేంద్ర సీడ్ ఫండ్ ఇంక్యుబేటర్ల ద్వారానే ఇస్తారు, నమూనా తయారీకి ఇరవై లక్షల దాకా గ్రాంటు. దాన్ని ఎంతమంది అడిగారు, ఎంతమందికి కాదన్నారు అన్నది చూడండి. ఎవరికీ కాదనని ఇంక్యుబేటర్ ఎంపిక చేస్తున్నట్టు కాదు, గదులు నింపుకుంటున్నట్టు. ఇక్కడ కూడా దరఖాస్తుల జాబితాయే ఆధారం.

మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టు 20న ప్రారంభమైంది, రాష్ట్రంలో మరో ఐదు చోట్ల అనుబంధ కేంద్రాలు. దాని ఫలితాల మీద ఇప్పుడే తీర్పు చెప్పేవాళ్లను, మెచ్చుకున్నా తిట్టినా, నేను నమ్మను. మీరు చేయగలిగింది దానికంటే విలువైనది. మొదటి విడతల్లో దరఖాస్తు చేసినవాళ్లందరి వివరాలు, ఎంపికైనా కాకపోయినా, ఇప్పుడే నమోదు చేసిపెట్టమని అడగండి. వాళ్ల ఆదాయం ఇప్పుడెంత, చేతిలో ఉన్న పనివాళ్లెంతమంది. ఈరోజు రాసిపెట్టకపోతే 2029లో ఎంత గొప్ప నిపుణుడొచ్చినా లెక్క తేల్చలేడు.

ఇక రిపోర్టు ఎవరికివ్వాలంటారా. పత్రికకు ఇవ్వండి, ఆపేవాళ్లెవరూ లేరు, రెండు రోజులు మాట్లాడుకుంటారు. పని జరగాలంటే మాత్రం రెండు బల్లలు ముఖ్యం. ఒకటి కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా పరిశ్రమల, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ. రాష్ట్ర రాయితీల ఆలస్యం, అనుమతుల ఆలస్యం అక్కడికి వెళ్లాలి. రెండోది మూడు నెలలకోసారి జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీ, బ్యాంకులు కూర్చునేది అక్కడే. "నాట్ ఇంటరెస్టెడ్" కేసులు బ్రాంచీల వారీగా ఆ బల్ల మీదే పెట్టాలి. అక్కడ పక్క బ్యాంకు ముందు తమ బ్రాంచి పేరు చదివితే వచ్చే కదలిక పై నుంచి వచ్చే సర్క్యులర్‌తో రాదు. నూరు పేజీలు తీసుకెళ్లకండి. ఒక్క పేజీ, ఒక్క పట్టిక: బ్రాంచి, వచ్చిన దరఖాస్తులు, మంజూరుకు పట్టిన రోజులు, తిరస్కరణలు, వాటిలో మీరు కలిసినప్పుడు దరఖాస్తుదారులు చెప్పిన కారణం. పేర్లు వద్దు, ఆ మనుషులు రేపు మళ్లీ అదే బ్రాంచికి వెళ్లాలి. అజెండా సమావేశానికి ముందే ఖరారవుతుంది కాబట్టి జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్‌కు కనీసం రెండు వారాల ముందు చేర్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.